డిక్కీలో పత్తి

మా మావయ్యగారు పోయారన్న మాటను నేను అరిచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాట ఎవరైనా గొంతు తగ్గించి చెబుతారు. మా ఇంట్లో ఆ వీలు లేదు. మా అత్తయ్యగారికి చెవులు సరిగా వినపడవు. ఆ ఉదయం మావయ్యగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని కాఫీ తాగారు. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి పేపరు అందిద్దామని వెళ్లిన మా ఆయన తండ్రి చెయ్యి పట్టుకుని చూసి, నా వంక చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. అత్తయ్యగారు పెరట్లో మునగచెట్టు నీడన బియ్యం చెరుగుతున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చుని, ఆవిడ చెవి దగ్గర నోరు పెట్టి, "అత్తయ్యా, మావయ్యగారు పోయారు" అని కేకేశాను. నల్లపాడు స్టేషన్ వైపు వెళ్తున్నవాళ్లు సైకిళ్లు ఆపి మా గేటు వంక చూశారు.

ఆవిడ చేట పక్కన పెట్టారు.

"వినపడిందమ్మాయ్. ఎందుకట్లా అరుస్తావ్," అన్నారు. చీర మీద పడిన తవుడు దులుపుకుని, లేవడానికి నా భుజం పట్టుకుని, "ఆయనకి ప్రతిదానికీ తొందరే," అన్నారు.

దుఃఖంలో ఆవిడకు ఏం మాట్లాడుతున్నదీ తెలియడం లేదని పక్కింటివాళ్లు అనుకున్నారు. ఆవిడకు బాగానే తెలుసు, నాకూ తెలుసు. మీకు తెలియాలంటే మా పాత కారు సంగతీ, దాని వెనక సీటు పైన బిగించిన రెండు స్పీకర్ల సంగతీ చెప్పాలి. పెద్దవాళ్లు పోయినప్పుడు వాళ్లు చేసిన మంచిపనులు తలుచుకోవడం మర్యాద. ఆయన ఎందరికి చదువు చెప్పారో, ఎందరికి ఫీజులు కట్టారో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం ఆయన పేరు వింటే ముందు ఆ స్పీకర్లే గుర్తొస్తాయి.

మావయ్యగారూ అత్తయ్యగారూ ఇద్దరూ మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన సైన్సు చెప్పేవారు, ఆవిడ చిన్నపిల్లలకు తెలుగు చెప్పేవారు. ఊరికి ఆయన మాస్టారు, ఆవిడ టీచరమ్మ. ఆయన కూడా ఆవిణ్ని "టీచరమ్మా" అనే పిలిచేవారు, కొంచెం వేళాకోళంగా. చర్చి క్వైర్‌లో ఇద్దరూ పాడేవారు. ఆడవాళ్లలో కింది గొంతు ఆవిడది. మగవాళ్లలో అందరికంటే కింది గొంతు, బాస్ అంటారు, అది ఆయనది. అందుకని ఆడవాళ్ల వరస అయిపోయి మగవాళ్ల వరస మొదలయ్యే చోట ఇద్దరూ పక్కపక్కన నిలబడేవారట. మావయ్యగారికి ఒక జబ్బు ఉండేదట. మిగతా గొంతులన్నీ ఆగి, బాస్ వాళ్లు మాత్రమే అందుకోవాల్సిన చోటు వస్తే ఆయన అందరికంటే కాస్త ముందే అందుకునేవారు. అత్తయ్యగారు పాటల పుస్తకం మీంచి చూపు తిప్పకుండానే ఆయన మోచేతిని రెండు వేళ్లతో నొక్కేవారు, ఆగమని. ఒక్కనాడూ ఆగలేదని ఆవిడ ఫిర్యాదు. తాను సమయానికే అందుకున్నాననీ, మిగతావాళ్లదే ఆలస్యమనీ ఆయన వాదన.

ఇదంతా నేను విన్నదే గానీ చూసింది కాదు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే మావయ్యగారి గొంతు పోయింది. ఏనాడూ ఒక్క చుట్ట కాల్చని మనిషికి గొంతులో కంతి లేచింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు దక్కలేదు. గాలితో కలిసి వచ్చే గుసగుస ఒకటి మిగిలింది. మా పెళ్లిలో ఆయన నన్ను దీవించిన మాటలు నాకు వినపడనే లేదు. పెదవులు కదలడం చూసి తల వంచాను. తరవాత కొద్దికాలానికే అత్తయ్యగారికి చెవులు మందగించడం మొదలైంది. ఒకరు గట్టిగా మాట్లాడలేరు, ఇంకొకరు మెల్లిగా మాట్లాడితే వినలేరు. వాళ్లిద్దరి మధ్యా నేను.

"అమ్మాయ్, నా కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మీ అత్తని అడుగు," అని ఆయన నా చెవిలో అనేవారు. నేను అరిచి అడిగేదాన్ని.

"నెత్తి మీద ఉంది, తడుముకోమను," అని ఆవిడ నాతోనే అనేవారు. ఆయన ఎదురుగా ఉన్నా సరే, శుభ్రంగా వింటున్నా సరే, నాతోనే. ఆయన మాట తనకు చేరడం లేదని తన మాట కూడా ఆయనకు నేరుగా చెప్పడం మానేశారు. పోట్లాట కూడా నా మీదుగానే సాగేది.

"చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పు."

"రేపట్నుంచి ఆయన్నే పెట్టుకోమను."

పొద్దుటి నుంచీ ఇలా అరిచి నేను బడికి వెళితే, అక్కడ పిల్లల్ని అదిలించడానికి నాకు గొంతు మిగిలేది కాదు. విసుగొచ్చేది, నవ్వూ వచ్చేది. వాళ్లిద్దరూ వరండాలో రెండు కుర్చీల్లో కూర్చుని నేను ఎప్పుడు వస్తానా అని గేటు వంక చూస్తూ ఉంటే మాత్రం గుండె చివుక్కుమనేది. రోజంతా పోగేసుకున్న మాటలు వాళ్ల దగ్గర ఉంటాయి, నేను వచ్చి మోసుకుపోవాలి. పక్కపక్కన నిలబడి ఒకరి గొంతులో ఒకరు గొంతు కలిపినవాళ్లు కదా అనిపించేది.

చెవి మిషన్ కొనకపోలేదు. ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా అది కీచుమని అరిచింది. చర్చి మొత్తం కళ్లు తెరిచి మా అత్తయ్యగారి వంక చూసింది. ఆవిడ దాన్ని తీసి కొంగున ముడేసుకున్నారు. మళ్లీ ఎవరెంత బతిమాలినా చెవిలో పెట్టుకోలేదు.

ఇక కారు. అది తెల్ల అంబాసిడర్. పర్చూరు డాక్టరుగారు ఒకాయన చాలా ఏళ్లు వాడి, ఇక చాలనుకున్నాక మావయ్యగారు తీసుకున్నారు. అత్తయ్యగారి పుట్టిల్లు పర్చూరు దగ్గరే. ఆవిడ వాటాకి వచ్చిన చేలో కొంత పత్తి, కొంత మిరప వేసేవారు. నెలకోసారైనా ఆ చేను చూడ్డానికి నల్లపాడు నుంచి అందరం కార్లో వెళ్లేవాళ్లం. డోరు వేయాలంటే లోపలివాళ్లు లాగాలి, బయటివాళ్లు నెట్టాలి. ముందు రేడియో ఉన్న చోట మా ఆయన టేపు బిగించారు. దానికి డాష్‌బోర్డు కింద ఒకే ఒక్క స్పీకరు, సాసరంత ఉంటుందేమో.

మా దగ్గర ఒక క్యాసెట్ ఉంది. ఆపరేషన్‌కి ముందటి ఏడాది క్రిస్మస్ ఆరాధనలో, కువైట్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు టేపురికార్డర్ తెచ్చి మగవాళ్ల వరస పక్కన బెంచీ మీద పెట్టి రికార్డు చేశాడట. మావయ్యగారి గొంతు ఈ లోకంలో మిగిలింది ఆ క్యాసెట్‌లోనే. అయితే ఇంట్లో పెట్టినా కార్లో పెట్టినా ఆడవాళ్ల పై గొంతులే వినపడేవి. ఇంట్లో అయితే మరీనూ, కరెంటు తగ్గినప్పుడల్లా పాట నీరసపడి ఏడ్చేది. ఆయన చెవి దగ్గరగా పెట్టి విని, నా వంక చూసి, "నేనెక్కడ?" అన్నట్టు చెయ్యి తిప్పేవారు. ఎంత వెతికినా ఆయన అందులో కనపడేవారు కాదు.

ఒకరోజు అందరం వరండాలో ఉన్నాం. అత్తయ్యగారు గోడకు ఆనుకుని చిక్కుళ్లు ఒలుస్తూ, "గూడ్స్ బండి వస్తోంది," అన్నారు. మాకెవరికీ ఏమీ వినపడలేదు. కొంతసేపటికి నిజంగానే గూడ్స్ వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఇంజన్ పెద్దగా కూత పెట్టింది. ఆవిడ తల కూడా తిప్పలేదు.

మావయ్యగారి ముఖం వెలిగిపోయింది. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, "చూశావా అమ్మాయ్. మీ అత్తకి కూత వినపడదు, మోత వినపడుద్ది," అన్నారు. "నాది మోత గొంతే కదా. ఆ క్యాసెట్‌లో నా గొంతు అడుగున ఎక్కడో ఉంది. పెద్ద స్పీకర్లు పెట్టి దాన్ని పైకి లాగితే తను వింటది. ఒక్కసారి వింటే చాలు."

ఆ మాట ఆవిడకు చెబుదామని నేను అలవాటు కొద్దీ నోరు తెరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇది మాత్రం అరవకు," అన్నారు.

ఆయన ఆవిడ దగ్గర దాచమన్న మాట నాకు తెలిసి అదొక్కటే. ఆవిడేమో కారుకి కొత్త స్పీకర్లు పెట్టిస్తున్నారని తెలిసి, "ఈ వయసులో ఈయనకి ఈ పాటల పిచ్చేమిటే," అని నన్ను అడిగారు. నాకేం తెలుసన్నాను.

గుంటూరులో ఒక రేడియో మెకానిక్ దగ్గరికి వెళ్లాం. అతనికి సినిమా పాటలంటే ప్రాణం, నమ్మకం మరీ ఎక్కువ. "సినిమాహాలే అనుకోండి మాస్టారూ. అద్దాలు అదిరిపోతాయ్," అన్నాడు. అరచెయ్యి చాపినా చాలనంత పెద్ద స్పీకర్లు రెండు తీసి బల్ల మీద పెట్టాడు. వాటిని బిగించాలంటే వెనక అద్దం కింద, సీటు పైన ఉండే పలకలో రెండు గుండ్రటి కంతలు కొయ్యాలి. మా ఆయనకు కారంటే చిన్నపిల్లతో సమానం. "నాన్నా, రేకు కోస్తే తుప్పు పడుద్ది. మళ్లీ అతకడానికి కూడా ఉండదు," అని నెత్తీ నోరూ కొట్టుకున్నారు. మావయ్యగారు సుద్దముక్క అడిగి తీసుకుని, పలక మీద కొయ్యాల్సిన చోట తనే రెండు సున్నాలు గీసిచ్చారు. బోర్డు మీద గీసినట్టే, ఒక్క ఊపులో.

బిగించాక అక్కడే పెట్టి చూశాం. అత్తయ్యగారిని వెనక సీట్లో కూర్చోబెట్టాం. పాట మొదలైంది. ఖాళీ డ్రమ్ముని కర్రతో బాదినట్టు ఒకటే దబదబ. అందులో మనిషి గొంతు ఉందో లేదో దేవుడికే తెలియాలి. ఆవిడ అటూ ఇటూ చూసి, "పక్కన లారీ ఏమన్నా వెళ్తోందా?" అన్నారు. మావయ్యగారు కిటికీలోంచి ఆవిడ ముఖం వంకే చూస్తూ నిలబడ్డారు.

"డిక్కీ ఖాళీగా ఉంది కదండీ, అదే స్పీకర్లకి పెట్టె అయి మోత కొడుతోంది. సామాను ఏదన్నా పడెయ్యండి, సర్దుకుపోద్ది," అని మెకానిక్ తేల్చేశాడు.

మా వైపు కారు డిక్కీలో పడేసే సామాను అంటే ఏముంటుంది? మిరపకాయలు. అప్పుడు కళ్లాల్లో ఎటు చూసినా ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. మరుసటి వారం పర్చూరు నుంచి వస్తూ, ఏడాదికి సరిపడా మాకూ, చుట్టాలకీ కలిపి బస్తాల్లోకి తొక్కి డిక్కీ నింపేశాం. అంత చదువుకున్నవాళ్లం, నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. రోడ్డు మీద దుమ్ము లేస్తోందని అద్దాలు కూడా ఎత్తేశాం. మా ఆయన నడుపుతున్నారు, పక్కన మావయ్యగారు, వెనక మేమిద్దరం. పాట మొదట్లో బాగానే ఉంది. దబదబ తగ్గింది. ఎక్కడో కింద నుంచి బరువుగా ఒక గొంతు లేవబోతోంది. మావయ్యగారు వెనక్కి తిరిగి ఆవిడ వంక చూశారు. అప్పుడు ఆ స్పీకర్లు తమ పని తాము చేశాయి. గొంతు లేచినప్పుడల్లా వాటి మూతికి ఉన్న కాగితాలు ముందుకీ వెనక్కీ ఊగి, డిక్కీలో ఉన్న మిరప దుమ్మునంతా పలక సందుల్లోంచి మా నెత్తిన ఊదాయి.

ముందు అత్తయ్యగారు తుమ్మారు. తరవాత నేను. మా ఆయన కళ్లు కనపడక కారుని పక్కన మిరపచేలోకి దింపినంత పని చేశారు. మేం తుమ్ముకుంటూ నవ్వుకుంటూ కిందికి దిగాం గానీ, మావయ్యగారు దిగలేదు. ఆయనకు దగ్గు తెర పట్టుకుంది. ఆ గొంతుకు కారం ఘాటు తగలకూడదని డాక్టరు మరీ మరీ చెప్పి ఉన్నాడు. ముఖం నల్లబడింది, ఊపిరి లోపలికి పోవడం లేదు. అత్తయ్యగారు ఆయన వీపు రాస్తూ, "ఏమైంది, ఏమంటున్నారు, ఏమంటున్నారమ్మాయ్?" అని నన్ను అడుగుతూనే ఉన్నారు. ఆయన ఏమీ అనడం లేదు. చేలో పనిచేస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి కుండతో నీళ్లు తెచ్చారు. చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది.

ఇంటికి వచ్చాక నాకు కోపం ఆగలేదు. ఆ ఇంట్లో నాకున్న గొంతు మొత్తం ఉపయోగించాను. "ఆ క్యాసెట్ తీసి బీరువాలో పెట్టెయ్యండి. గొంతు వినిపించబోయి మనిషే లేకుండా పోతారు. అప్పుడు ఎవరికి వినిపిస్తారు?" అన్నాను. ఆయన తప్పు చేసిన పిల్లాడిలా తల ఊపారు. చాలా రోజులు పాటల ఊసెత్తలేదు. డిక్కీ కడిగించారు. పాత చీపురు పుల్లలు కట్టి స్పీకర్ల మీద దుమ్ము దులుపుతూ కనిపించేవారు. ఒక సాయంత్రం నేను కాఫీ తెచ్చిస్తే, "పోన్లే అమ్మాయ్. వినపడకపోతే ఏం, నా గొంతు తనకి గుర్తుంటదిగా," అన్నారు. కాఫీ సగం తాగాక, "గుర్తుందో లేదో అడగాలంటే భయంగా ఉంది," అన్నారు. గ్లాసు తీసుకుని లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను.

మళ్లీ పత్తి తీతల కాలం వచ్చింది. మేం పర్చూరు వెళ్లిన రోజున మబ్బు పట్టింది. తీసిన పత్తి ఇంకా కళ్లంలోనే ఉంది, బండి వెళ్లిపోయింది, ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు. తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. అందరం తలా చెయ్యీ వేసి బోరేలకెత్తాం. బోరెం అంటే గోనెసంచికి తాత లాంటిది, మనిషి నిలబడి తొక్కేంత సంచి. ఒకటి ఎలాగో డిక్కీలోకి దూర్చి, మిగిలిన పత్తి చుట్టూ సందుల్లో కూరాం. అప్పుడు మా బుర్రల్లో వానే ఉంది, పాట లేదు.

తిరుగు ప్రయాణంలో పెదనందిపాడు దాటాం. అద్దాలు ఎత్తి ఉన్నాయి. అత్తయ్యగారు అలిసిపోయి, వెనక పలక అంచున తల ఆనించి కునుకు తీస్తున్నారు. నిద్ర రాకుండా ఏదైనా విందామని మా ఆయన టేపు నొక్కారు. అందులో ఉన్నది ఆ క్యాసెట్టే. బీరువాలో పెట్టమన్నాను గానీ, ఎవరూ తియ్యనే లేదు.

ఈసారి దబదబనంతా పత్తి మింగేసింది, గరగర కూడా లేదు. ఆడవాళ్ల గొంతులు పైన ఎక్కడో మామూలుగా ఉన్నాయి. వాటి కింద, పక్కింట్లో రుబ్బురోలు తిరుగుతుంటే మన ఇంటి నేలలో తెలిసినట్టు, నిండుగా, నింపాదిగా ఒక మగ గొంతు. అది ఎవరిదో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నేళ్లకు మా మావయ్యగారి గొంతు మొదటిసారి విన్నాను. ముందు సీట్లో ఆయన కదలకుండా కూర్చున్నారు. వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదని నాకు అర్థమైంది.

"కారాపు," అన్నారు అత్తయ్యగారు గట్టిగా.

మా ఆయన గాభరాపడి ఆపేశారు. ఇంజన్ ఆగింది, పాట సాగుతోంది. ఆవిడ సీట్లో పక్కకి తిరిగి, పలక మీద అరచెయ్యి ఆనించి, తల వంచి ఉన్నారు. నేను ఏదో అడగబోతే ఊరుకోమని రెండో చెయ్యి ఎత్తారు. పాటలో మిగతా గొంతులన్నీ ఆగాయి. బాస్ అందుకుంది.

"ఇదిగో, ఇక్కడే," అన్నారు ఆవిడ. "మళ్లీ ముందే అందుకున్నారు."

తల ఎత్తి, ముందు సీటు వంక చూసి, "ఏవండీ, నొక్కుతూనే ఉన్నాగా. చెప్తే వినరేం?" అని కేకలేశారు.

నాతో కాదు, ఆయనతో. నేరుగా ఆయనతో. ఎన్నేళ్లకో. మావయ్యగారు ఇటు తిరిగారు. నవ్వుతున్నారు, నవ్వుకి చప్పుడు లేదు, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. ఏదో అన్నారు కూడా, పెదవులు కదిలాయి. ఏమన్నారో ఆవిడకు వినపడలేదు, నాకూ వినపడలేదు. ఏమన్నారని ఆవిడ నన్ను అడగలేదు. పాట అయిపోతే ఆయనే వెనక్కి తిప్పి మళ్లీ పెట్టారు. ఆవిడ మళ్లీ అక్కడే పట్టుకున్నారు. అలా రోడ్డు పక్కన ఎంతసేపు ఉన్నామో, చినుకులు పడి అద్దాలు మసకబారేదాకా ఉన్నాం. ఆ చినుకుల్లో నాకు పత్తి గురించిన దిగులే కలగలేదు.

అప్పటి నుంచీ మా కారు డిక్కీ ఏనాడూ ఖాళీగా లేదు. అమ్మకానికి ఎంత పత్తి వెళ్లినా ఒక బోరెం మాత్రం డిక్కీకి కేటాయింపు. వానాకాలంలో పత్తిగింజల కోసం ఎలకలు చేరి ఒక స్పీకరు కాగితం కొరికేశాయి. మావయ్యగారు దానికి మైదా జిగురుతో పట్టీ వేశారు. టైరు పంచరైతే స్టెపినీ అడుగున ఉండేది. పత్తంతా తీసి రోడ్డు పక్క తుమ్మపొదల మీద ఆరేసి, టైరు మార్చి, మళ్లీ కూరేవాళ్లం. దారినపోయే లారీవాళ్లు హారన్లు కొట్టి నవ్వేవారు. "మాస్టారూ, పరుపు కుట్టించుకోకూడదా?" అని పెట్రోలు బంకు దగ్గర ఎవరో అంటే, ఆయన హుందాగా తల ఊపి, "ఇది పాడే పరుపు," అని నా చెవిలో అన్నారు. నేను అరిచి చెప్పాను.

పాట పెట్టినప్పుడు అత్తయ్యగారు నా చెయ్యి కూడా తీసుకుని ఆ పలక మీద పెట్టేవారు. "చెవితోనే వినాలని ఎవరన్నారు," అనేవారు. నాకు పాట రాదు, వరసలు తెలియవు. అయినా పలక మీద పరిచిన గుడ్డ కింద ఆయన గొంతు వణకడం నా అరచేతికి తెలిసేది. మావయ్యగారి దగ్గర నేను నేర్చుకున్నది ఇదే అనుకుంటాను. మనిషి మాట చేరడానికి ఒక్క దారే ఉండదు. ఒకటి మూసుకుపోతే ఇంకొకటి వెతకాలి, అవసరమైతే రేకు కొయ్యాలి. వాళ్లిద్దరి మధ్య మాటలు మోయడం నాకు విసుగుగా ఉండేదని చెప్పాను కదా. ఆ రోజు తరవాత విసుగు తగ్గింది, పని కూడా తగ్గింది. ఆవిడ ఆయనతో నేరుగానే మాట్లాడేవారు. ఆయన సైగలు చేసేవారు. ఉప్పు గురించి పోట్లాట మాత్రం ఆగలేదు.

మొన్న ఆయన్ని సమాధుల తోటకు తీసుకువెళ్లాం. క్వైర్ వచ్చి పాడింది. బాస్ పాడే కుర్రాళ్లు ఇద్దరూ ఆయన నేర్పినవాళ్లే. ఏడుస్తూనే సరిగ్గా సమయానికి అందుకున్నారు. అత్తయ్యగారు తల వంచుకుని నిలబడ్డారు. అక్కడ ఆ బయలు గాలిలో ఆవిడకు ఏమీ వినపడి ఉండదు.

అంతా అయ్యాక ఆవిణ్ని కారెక్కించబోయాను. ఆవిడ ఎక్కకుండా డిక్కీ వైపు నడిచారు.

"పత్తి ఉందా?" అన్నారు.

లేదు. పొద్దున చాపలూ బెంచీలూ పెట్టడానికి ఎవరో బంధువులు బోరెం తీసి మా వరండాలో పడేశారు. ఆ మాట చెబితే ఆవిడ డిక్కీ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు. మా ఆయన నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను. ఆయన కారు తీసుకుని ఇంటికి వెళ్లారు. ఇళ్లకు బయలుదేరబోతున్న చుట్టాలంతా ఆగి చూస్తున్నారు. పాస్టరుగారు దగ్గరికొచ్చి, "ఏమ్మా, ఏమన్నా మర్చిపోయారా?" అని మెల్లిగా అడిగారు. అవునండీ అన్నాను. తోట గేటు దగ్గర రాతి అరుగు మీద అత్తయ్యగారూ నేనూ కూర్చున్నాం. కాసేపటికి కారు తిరిగి వచ్చింది. డిక్కీ మూతపడక, తాడు కట్టి ఉంది. సందుల్లోంచి తెల్లగా పత్తి కనపడుతోంది.

ఆవిడ వెనక సీట్లో కూర్చుని, పక్కకి తిరిగి, పలక మీద అరచెయ్యి ఆనించారు. మా ఆయన అద్దాలన్నీ ఎత్తి టేపు నొక్కారు. కారు మెల్లిగా కదిలింది. ముందు సీటు ఖాళీగా ఉంది. పైన ఆడవాళ్ల గొంతులు, కింద మైదా పట్టీ వేసిన స్పీకర్లోంచి ఆయన. నేను కూడా నా చెయ్యి ఆవిడ చేతి పక్కన పెట్టాను. గుడ్డ కింద ఆయన గొంతు వణుకుతోంది.

ఆ చోటు దగ్గర పడింది. మిగతా గొంతులన్నీ ఆగాయి. అత్తయ్యగారు కళ్లు మూసుకున్నారు. అరచెయ్యి కొంచెం ఎత్తి, రెండు వేళ్లు కలిపి, పలక మీది గుడ్డను మెత్తగా నొక్కారు.

ఆయన ఆగలేదు. ఆవిడ వేళ్లు మాత్రం ఇల్లు చేరేదాకా అక్కడే ఉన్నాయి.